తలపాగా అందుకునే చేయి

మా మస్తాన్ అన్న పోయిన రోజు జనాజాకు భుజాలు తక్కువ పడ్డాయి. నా కొడుకు, పక్కింటి మెకానిక్కు, అన్న చాలా ఏళ్లు కాపలా కాసిన ఆడపిల్లల హాస్టల్లోని వంటాయన, వీళ్లు ముగ్గురే. నాలుగో మనిషి కోసం మసీదు దాకా కబురు పంపాల్సి వచ్చింది. వచ్చినాయన మంచివాడే. చెప్పులు విడిచి నేరుగా లోపలికి వచ్చాడు. భుజం పెట్టే ముందు నా వైపు తిరిగి, "ఈయనది యా ఊరు మా?" అని అడిగాడు. ఏదో ఒకటి మాట్లాడాలి గదా అని అడిగిన మాట అది. "ఈ ఊరే నాయనా" అన్నాను. ఆడవాళ్లం గడప దాకే గనక, సందు మలుపు తిరిగేంతవరకు చూసి లోపలికి వచ్చాను. అన్న కర్నూలుకు వచ్చినప్పుడు నేను పావడా కట్టుకునే పిల్లను. ఇప్పుడు మోకాళ్లకు నూనె రాసుకోనిదే మెట్టు ఎక్కలేను. అంత కాలం తుంగభద్ర నీళ్లు తాగిన మనిషిని, పోయే రోజు కూడా యా ఊరని అడిగారు. అడిగినాయన మీద నాకు కోపం లేదు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన రోజు తప్పించుకున్న పెద్దమనుషుల మీదే నా కోపమంతా.

మాది దూదేకుల ఇల్లు. పాతబస్తీలో, ఏటి వైపు దిగే సందులో, ముందు వసారా నాయన పరుపుల అంగడి, వెనక మేము. తెల్లవారేసరికి దూది ఏకే విల్లు మోత మొదలయ్యేది. దూది నూగు లేచి కిటికీలో పడే ఎండలో తిరుగుతూ ఉండేది, తర్వాత ఎక్కడంటే అక్కడ వాలేది. జొన్నరొట్టె మీద, ఊరుబిండి మీద, మా జేజి తమలపాకుల మీద. జేజి అంటే నాయన తల్లి. ఆకు వేసుకునే ముందు ప్రతి ఆకునూ తొడ మీద రెండువైపులా తుడిచి, నూగు పోయిందో లేదో వెలుతురుకు ఎత్తి చూసేది. ఆమెకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు మీసం రాకముందే రంగూను పోయి, బియ్యం మిల్లులో పనికి కుదిరి, అక్కడి పిల్లను చేసుకున్నాడు. జేజి ఆయన పేరు ఎత్తితే ఆకు నమలడం ఆపేసేది.

బర్మాలో మనవాళ్ల అంగళ్లూ మిల్లులూ సర్కారు తీసేసుకుని ఓడలెక్కించిన రోజుల్లో, పెదనాయన పెళ్లాంబిడ్డలతో మద్రాసులో దిగాడు. దిగిన కొన్నాళ్లకే క్యాంపులో జ్వరం తగిలి పోయాడు. నాయన వెళ్లి, తన అన్నను మట్టిలో పెట్టి, మిగిలిన ఇద్దరినీ, పెద్దమ్మనూ ఆమె కొడుకు మస్తాన్‌నూ, వెంటబెట్టుకొచ్చాడు. డోన్‌లో రైలు మారేటప్పుడు ఒక కూలీ పెద్దమ్మ చేతిలోని మూట లాగబోతే, ఈ పిల్లవాడు మోచేత్తో ఒక్కటి పెట్టాడట. కూలీ పోయి పత్తి బేళ్ల మీద పడ్డాడట. "మా అన్న కొడుకు! వాని మోచేయి సమ్మెట మే!" అని నాయన ఆ సంగతి వీధి వీధికీ చెప్పుకున్నాడు. మా అన్న కొడుకు అని అంత గట్టిగా నాయన అనడం తర్వాత నేను వినలేదు.

వాళ్లమ్మను మేము బర్మా పెద్దమ్మ అనేవాళ్లం. పొట్టి మనిషి, నడుముకు లుంగీ, తలలో ఏదో ఒక పువ్వు. వచ్చిన కొత్తలో ఆమెకు మా తెలుగు రాదు, మాకు ఆమె మాట రాదు. ఏటి చేపలను ఉప్పులో ఊరేసి మిద్దె మీద జాడీలో పెట్టేది. ఆ వాసన సందు చివరిదాకా పోయేది. జేజి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "ఏం కంపు తల్లీ ఇది! నా కొడుకు ఇన్నేండ్లు దీన్నెట్ల తిన్న్యాడో, అందుకే పాయె" అని శాపనార్థాలు పెట్టేది. పెద్దమ్మకు అర్థమయ్యేది కాదు, నవ్వేది. వెలగ చెట్టు బెరడు తెచ్చి సానరాయి మీద నీళ్లతో అరగదీసి ఆ గంధాన్ని చెంపలకు పూసుకునేది. వీధి పిల్లలు 'సున్నం మొగం' అని వెంటబడేవారు. కర్నూలు ఎండలు మీకు తెలుసు. నడి వేసవిలో ఒక మధ్యాహ్నం నేను బడి నుంచి వచ్చేసరికి జేజి కాళ్లు చాపుకుని కూర్చుని చెంపలు చూపిస్తోంది, పెద్దమ్మ గంధం పూస్తోంది. "సల్లగ ఉండాది లే" అంది జేజి నా వైపు చూడకుండా. ఆ తర్వాత జాడీని కూడా ఎవరూ ఏమీ అనలేదు.

పెద్దమ్మ పుట్టింటివాళ్లు పోటీల్లో కొట్లాడేవాళ్లు. వాళ్ల దేశంలో పిడికిళ్లకు గుడ్డ చుట్టుకుని, మోకాలు, మోచేయి, కాలు, ఆఖరికి తలతో కూడా కొట్టే ఆట ఒకటి ఉంది. మేనమామ దగ్గర అన్న ఆ ఆట నేర్చుకున్నాడు. ఇక్కడ మేనమామ లేడు గనక ఆ పని పెద్దమ్మ చేసింది. నాయన పారేసే చెత్త దూదిని గోతాంలో కుక్కి వెనక వసారా దూలానికి వేలాడదీసి, తాను వెనక నిలబడి గోతాన్ని వాటేసుకునేది. అన్న కొట్టేవాడు. ఆ దెబ్బలకు ఆమె అడుగు వెనక్కి పడేది, మళ్లీ ముందుకు వచ్చి ఏదో కసిరేది. వాళ్లు వాళ్ల మాటలో మాట్లాడుకోవడం ఆ గోతాం దగ్గరే. నేను పాఠం చదువుతున్నట్టు నటిస్తూ వాళ్ల మాటలు వినేదాన్ని. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, ఆమె తిడుతోందో మెచ్చుకుంటోందో తెలిసిపోయేది.

అన్నను కుస్తీ నేర్పే తాలింఖానాకు తీసుకుపోయింది నాయనే. మా సందు వెనకే ఖాజా ఉస్తాద్ తాలింఖానా ఉండేది. ఎర్రమట్టిలో నువ్వుల నూనె, మజ్జిగ, పసుపు కలిపి తొక్కిన బరి. అక్కడి నుంచి వచ్చిన వాళ్ల ఒంటి వాసన పచ్చడి జాడీ మూత తీసినట్టు ఉండేది. ఉస్తాద్ పెద్ద మనిషే, గడ్డం పొట్ట దాకా ఉండేది. మొదటిరోజు అన్న చేతులు పట్టి చూసి, "బేటా, ఈడ గుద్దు లేదు, తన్ను లేదు. ఈడ పట్టే" అన్నాడట. అన్న సరేనన్నాడు. దండీలు, బస్కీలు, పట్లు, విడుపులు, అన్నీ మొదటి నుంచి నేర్చుకున్నాడు. నాలుగైదేళ్లలో ఆ తాలింఖానాలో అతని నడుము పట్టినవాడు లేడు. పొద్దున పట్టు, సాయంత్రం వెనక వసారాలో దెబ్బ. రెండూ ఒకే ఒంట్లో కలిసిపోయాయి. ఇప్పుడు దీనికి మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ అని పేరు పెట్టి, అద్దాల గదుల్లో, ఏసీలో నేర్పుతున్నారు. అప్పుడు మా వీధిలో దానికున్న పేరు మొరటు కొట్లాట.

ఒక్క సంగతి చెప్పాలి. దాని మీదే అంతా నడిచింది. బర్మాలో ఆటకు దిగేవాడు ముందు ఎడమచేయి మడిచి, కుడి అరచేత్తో ఆ జబ్బ మీద చరుస్తాడు. 'నేను సిద్ధం, రా సోదరా, మన మధ్య పగ లేదు' అని దానికి అర్థం. మన వైపు జబ్బ చరచడమంటే సవాలు చేయడమని వేరే చెప్పనక్కరలేదు. తాలింఖానాలో ఉస్తాద్ అనుమతి లేనిదే ఎవడూ జబ్బ చరచకూడదు, పెద్దవాళ్ల ఎదుట అసలే కూడదు. అన్న చరిచినప్పుడల్లా ఉస్తాద్ నవ్వేవాడు. "బర్మా సలాం" అని దానికి పేరు కూడా పెట్టాడు. ముద్దు చేశాడు గానీ, బయట ఇది చేయకూడదురా అని ఒక్కనాడూ చెప్పలేదు.

అన్నకు మీసాలు దట్టమైన వయసులో కడప నుంచి కబురు వచ్చింది. అక్కడ ఒక పెద్దాయన, పొలాలూ క్వారీలూ ఉన్నాయన, పీర్ల పండుగ అయిపోయాక పోటీ పెట్టిస్తున్నాడు. పట్టూ దెబ్బా రెండూ చెల్లే పోటీ, గెలిచినవాడికి జరీ తలపాగా. మనవాళ్లలో తలపాగాను గెలిచినవాడు తన చేత్తో తీసుకోడు. అతని ఉస్తాద్ వచ్చి రెండు చేతులా అందుకుని, కళ్లకు అద్దుకుని, శిష్యుడి తలకు చుడతాడు. దాంతో వాడు ఫలానా తాలింఖానా వాడని, ఫలానా ఊరివాడని నలుగురికీ తెలుస్తుంది. తర్వాత వాడి పేరు ముందు ఊరి పేరు వచ్చి చేరుతుంది. అన్నకు కావలసింది ఆ జరీ గుడ్డ కాదు, ఆ పేరు. ఉస్తాద్‌తో, నాయనతో కలిసి బయల్దేరే రోజు నాతో అన్నాడు: "పాపా, రేపట్నుంచి నన్ను బర్మా మస్తాన్ అనరు. కర్నూలు మస్తాన్ అంటారు, సూడు." సంబంధాలు చూసేవాళ్లు కూడా అప్పుడు గడప తొక్కుతారని జేజి ఆశ.

కడపలో జరిగింది నేను చూడలేదు. ఆడపిల్లల్ని బరి దాపుకు రానిచ్చేవారు కాదు. నాయన నోట సగం, ఏళ్ల తర్వాత అన్న నోట సగం విన్నాను. రెండూ అతుకు లేకుండా కలిశాయి గనక నిజమే అయి ఉంటుంది. అన్న బరిలోకి దిగి, మట్టి కళ్లకు అద్దుకుని, ఎదుటివాడి వైపు తిరిగి జబ్బ చరిచాడు. ఎదుటివాడి వెనకే ఆ పెద్దాయన కుర్చీ. పెద్దాయన లేచాడు. ఆయనతో పాటు చుట్టూ ఉన్నవాళ్లంతా లేచారు.

"ఎవడప్పా వీడు? నా ఎదురుగ్గా జబ్బ చరుస్తాండాడు. ఎవరి పిల్లోడు వీడు?"

ఉస్తాద్ ముందుకు వచ్చాడు. ఒక్క మాట చాలు గదా: మావాడే సామీ, ఇది వాళ్ల సలాం, తప్పు నాది. అట్ల అని ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు, నాలుగు దెబ్బలు పడేవేమో. ఉస్తాద్ చేతులు జోడించి చెప్పిన మాట వేరు. "మావాడు కాదు సామీ. బర్మావోడు. మన మర్యాదలు వానికి తెలీవు. పోనియ్యండి."

పెద్దాయన, ఉస్తాద్ పక్కనే నిలబడ్డ నాయన వైపు చూశాడు. నాయన తల ఊపాడు.

పెద్దాయన మళ్లీ కూర్చున్నాడు. "బర్మావోడా! నేనేమో అనుకొంటి. కానీండి కానీండి" అని నవ్వాడు. ప్రాణం కాపాడామని నాయన చచ్చేదాకా చెప్పుకున్నాడు. కాపాడి ఉండవచ్చు, కాదనను. పోటీ నడిచింది. ఎదుటివాడు బండలు మోసిన మనిషి. చాలాసేపు కొట్టుకున్నారు, అన్న కనుబొమ చిట్లింది. చివరకు అన్న అతన్ని పడగొట్టింది మోచేత్తో కాదు, మోకాలితో కాదు. ఖాజా ఉస్తాద్ నేర్పిన నడుము పట్టుతో ఎత్తి వెల్లకిలా పడేశాడు. కడప జనం కూడా ఈలలు వేశారు. పెట్టెలోంచి తలపాగా తీశారు. "గెలిచినోని ఉస్తాదు యాడ? రాండప్పా, అందుకోండి" అని కేకేశారు.

ఉస్తాద్ ఎట్లా వస్తాడు? కాసేపటి క్రితమే మావాడు కాదని చేతులు జోడించి చెప్పినవాడు ఇప్పుడు పోయి చేతులు చాపితే, పెద్దాయన ముందు అబద్ధమాడినట్టవుతుంది. నేల చూస్తూ నిలబడ్డాడు. మళ్లీ కేకేశారు. నాయన కాళ్లూ కదల్లేదు. ఒంటి నిండా మట్టితో, కంట్లోకి నెత్తురు కారుతుంటే అన్న బరి మధ్యలో నిలబడి వీళ్లిద్దరినీ మార్చి మార్చి చూశాడట. ఎవరూ రాలేదు. తలపాగాను మడిచి మళ్లీ పెట్టెలో పెట్టారు.

ముగ్గురూ బస్సులో తిరిగి వచ్చారు. ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. పెద్దమ్మ చేపల పులుసు వండి వాకిట్లో కూర్చుని ఉంది. ఇక్కడి నుంచి నేను కళ్లారా చూసిందే. ఆమె ముందు కొడుకు కనుబొమ చూసింది, తర్వాత తల చూసింది.

"గెలిస్తివా?"

"గెలిస్తి."

"తలపాగా యాడ?"

"అందుకునేటోళ్లు లేరు మా."

అప్పటికి ఆమెకు మా తెలుగు బాగానే పట్టుబడింది. అన్న రెండు ముక్కల్లో జరిగింది చెప్పాడు. ఆమె ఏడవలేదు, అరవలేదు. కాళ్లు కడుక్కుంటున్న నాయన దగ్గరికి పోయి నిలబడింది. "ఉస్తాదు పరాయోడు, మరిదీ. నీకు చేతులు ఉండాయి గదా?" అంది. నాయన చెంబులో నీళ్లు అయిపోయినా ఇంకా కాళ్ల మీద వంచుతూనే ఉన్నాడు. లోపల్నుంచి జేజి, "నీ అన్న కడుపున పుట్టినోడురా వాడు! తల ఊపినావా? ఆ తల యాడ పెట్టుకుంటావురా?" అని అరిచింది. అమ్మ లేని మా ఇంట్లో వండి వడ్డించేది పెద్దమ్మే. ఆ రోజు నుంచి బతికున్నన్నాళ్లూ పెద్దమ్మ నాయనకు అన్నం వడ్డించలేదు. వండేది, మూత పెట్టేది, మిద్దె ఎక్కేది. నాయన తానే మూత తీసి పెట్టుకుని తినేవాడు. మా ఇంట్లో తర్వాత పెళ్లిళ్లు జరిగాయి, పురుళ్లు జరిగాయి, ఆ మూత మాత్రం అట్లాగే ఉండిపోయింది. నాయన నన్ను చదివించాడు, సందులో ఎవరూ చదివించనంత చదివించాడు. ఆయన మీద నాకు ప్రేమ లేదని అనను. కానీ ఆయన తల ఊపడం తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

అన్న మళ్లీ తాలింఖానా గడప తొక్కలేదు. జాతర్లలో గుడారాలు వేసుకుని తిరిగే ఒకాయన వచ్చి, అన్నను తీసుకుపోయాడు. ఆదోని, బళ్లారి, రాయచూరు, ఎక్కడ జాతరుంటే అక్కడ. బర్మా పులి అని పేరు పెట్టాడు. ఒంటికి పసుపు పూసి నల్ల చారలు గీసి నిలబెట్టేవాడు. తాగొచ్చినవాడు, పెళ్లాంతో తగువు పెట్టుకొచ్చినవాడు, పందెం కాసినవాడు, ఎవడంటే వాడు లోపలికి వచ్చి కొట్టవచ్చు. పడకుండా నిలబడ్డమే అన్న పని. పదిహేను ఇరవై ఏళ్లు నిలబడ్డాడు. అదే అతని కెరీరు. ఇంటికి వచ్చినప్పుడల్లా చెవి కొంచెం ముద్దయి, ముక్కు కొంచెం వంకర పోయి వచ్చేవాడు. బర్మావోడికి పిల్లనెవరిస్తారని ఒకరు, జాతర్లలో చారలు పూసుకునేవాడికి ఎవరిస్తారని ఒకరు, పెళ్లి మాట అట్లా తేలిపోయింది. తర్వాత చేతులు వణకడం మొదలైంది. టీ గ్లాసును రెండు చేతులా పట్టుకునేవాడు. హాస్టల్లో వాచ్‌మన్ పని దొరికింది. అది కూడా చేయలేని రోజు మా ఇంటి వెనక గదిలోకి వచ్చాడు. పెద్దమ్మ పోయి అప్పటికే చాలా కాలం. ఆమె పోయాక అన్న నోట బర్మా మాట నేను వినలేదు. ఎవరితో మాట్లాడతాడు?

చివరి రోజుల్లో నా ఫోన్‌లో కొట్లాటలు చూసేవాడు. బర్మా నుంచి పోయి పెద్ద పెద్ద పోటీలు గెలిచిన ఒక కుర్రాడు ఉన్నాడు. ఇనుప వల బరిలో దిగి మోచేయి, మోకాలు, పట్టు, అన్నీ కలిపి కొడతాడు. రంగూనులో అతను వస్తుంటే స్టేడియమంతా లేచి నిలబడింది. ముసలివాళ్లు ఏడుస్తున్నారు. మా వీధి మొరటు కొట్లాట అని పిలిచిన ఆటకే అక్కడ అంత నీరాజనం. అన్న ఆ కొట్లాట చూడలేదు, కొట్లాటకు ముందు జనం లేవడం మాత్రం వెనక్కి తిప్పించుకుని మళ్లీ మళ్లీ చూశాడు. "ఆ పిల్లోనికి ఊరు ఉండాది" అన్నాడు. నేను ఉండబట్టలేక, ఉస్తాద్ మీద కోపం లేదా అన్నా అని అడిగాను. "కోపం యాడిది పాపా. ఔనని ఉంటే ఈడోణ్ణి అయిపోయుందును, అంతే" అన్నాడు. ఆ 'అంతే' అన్న మాటకే నేను లోపలికి పోయి ఏడ్చాను.

చచ్చినవాడి కళ్లు చారెడు అంటారు. మొన్న ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. ఒకడు ఇమ్రాన్, ఖాజా ఉస్తాద్ మనవడు. ఉస్తాద్ పోయి ఎన్నో ఏళ్లయింది. ఈ పిల్లవాడు ఓర్వకల్లు రోడ్డులో కొత్తగా ఫైటింగ్ జిమ్ పెడుతున్నాడు. మర్యాదగా చెప్పులు బయట విడిచి, నేనిచ్చిన టీ తాగి, ఫోన్‌లో ఫ్లెక్సీ బొమ్మ చూపించాడు. అన్న వయసులో ఉన్నప్పటి ఫోటో ఎక్కడ దొరికిందో ఏమో. పైన 'కర్నూలు ముద్దుబిడ్డ' అని, కింద 'ఖాజా ఉస్తాద్ ప్రియశిష్యుడు' అని రాశారు. ఆ అక్షరాలను నేను చాలాసేపు చూశాను. అన్న ఒక్క తలపాగా కోసం కడపలో కంట్లో నెత్తురుతో నిలబడి అడిగింది ఈ రెండు మాటలే.

"ఓపెనింగ్‌కు మీరు రావల్ల పెద్దమ్మా. స్టేజీ మీద రెండు మాటలు చెప్పల్ల. మస్తాన్ సాబ్ మా తాత తయారు చేసిన మనిషని. పిల్లోళ్లు శానామంది వస్తారు, వినల్ల" అన్నాడు.

"అది నేను చెప్పలేను నాయనా" అన్నాను. "మీ తాత కడపలో అందరి ముందర చేతులు జోడించి చెప్పినాడు, వీడు మావాడు కాదని. బతికున్నన్నాళ్లూ ఆ మాట వెనక్కి తీసుకోల్యా. మీ తాత మాట తీసేసేదానికి నువ్వెవురు, నేనెవురు?"

అతనికి ఆ సంగతే తెలియదు, ముఖం చూస్తే తెలుస్తూనే ఉంది. పక్కవాడి వైపు చూశాడు. పాపం అనిపించింది, అయినా మాట మార్చుకోలేదు. కాసేపు ఫోన్‌ను అటూ ఇటూ తిప్పి, "మరి ఎవరి శిష్యుడని వేయల్ల పెద్దమ్మా? కింద ఒక పేరైతే ఉండల్ల" అన్నాడు.

"వాళ్లమ్మ శిష్యుడని వేయి. గోతాం పట్టుకుని నిలబడింది ఆమె."

ఆ అమ్మ పేరేమని అడుగుతాడేమో, ఖిన్ సాన్ అని చెబుదామని కాచుకుని ఉన్నాను. అతను ఫోన్ జేబులో పెట్టుకుని లేచాడు.